నైస్ టీచరు పిండిమర

పొద్దున్నే మర షట్టరు పైకెత్తగానే టీచరమ్మ చేసే మొదటి పని కళ్లజోడు తుడుచుకోవడం. పిండిమరలో కళ్లజోడు తుడుచుకోవడమంత దండగ పని ఇంకోటి లేదు. మోటారు అందుకుని బెల్టు తిరగడం మొదలైన కాసేపటికే అద్దాల మీద తెల్లటి పొర పరుచుకుంటుంది. ఆ తర్వాత ఎదుట ఉన్నది మనిషో బస్తానో పోల్చుకోవడం కష్టం. అయినా తుడుస్తుంది. చీర కొంగుతో, ఒక్కో అద్దాన్నీ వెలుతురుకు ఎత్తి చూసి మరీ తుడుస్తుంది. బడిలో ఉన్నన్నాళ్లూ మొదటి పీరియడు గంట కొట్టేముందు అలాగే తుడుచుకునేది. బడి వదిలినా చేతులు ఆ అలవాటు వదల్లేదు.

ఆమె ఇంగ్లీషు టీచరు. పిల్లలు ఆమెకు వినపడకుండా 'నైస్ టీచర్' అని పిలుచుకునేవాళ్లు. మెచ్చుకుని పెట్టిన పేరు కాదది. కాంపోజిషన్‌లో ఎవరు 'నైస్' అని రాసినా దాని చుట్టూ ఎర్ర సిరాతో సున్నా పడేది.

"సైకిలూ నైసే, మామయ్యా నైసే, నిన్న కురిసిన వానా నైసే. అందరికీ ఒకే చొక్కా తొడిగితే మీ మామయ్యెవరో సైకిలేదో నాకెలా తెలుస్తుందే?" అని అడిగేది.

పరీక్షలైపోయి పిల్లల బుర్రలు కాస్త తేలికపడిన రోజుల్లో, ఏడాదికోసారి, పుస్తకం మూసేసి బల్ల అంచున కూర్చుని ఆ మాట కథ చెప్పేది. "పుట్టినప్పుడు ఇది మంచి మాట కాదు. లాటిన్‌లో 'కాదు' అనే ముక్కా 'తెలియడం' అనే ముక్కా అతుక్కుని పుట్టింది. ఏమీ తెలియనివాడని అర్థం. అక్కణ్ణించి ఫ్రెంచివాళ్లింటికి చేరి తెలివితక్కువవాడు అయింది. ఏడు వందల ఏళ్ల కిందట ఇంగ్లీషు గడప తొక్కినప్పుడు కూడా ఎవర్నైనా నైస్ అంటే తిట్టినట్టే. తర్వాత మెల్లగా రంగు మారింది. తెలియనివాడు బెదురుతాడు కదా, బెదురుగొట్టు అయింది. బెదిరేవాడు ప్రతిదీ పట్టి పట్టి చూస్తాడు కదా, చాదస్తం అయింది. పట్టి చూసేవాడికి చిన్న తేడా కూడా దొరికిపోతుంది. అందుకని సున్నితం, కచ్చితం అయింది. అంత కచ్చితంగా చేసిన పని బాగుంటుంది కనక చివరికి 'బాగున్నది' అయి కూర్చుంది. ఇదంతా ఎవరూ పక్కనుండి చూసింది కాదు, చదువుకున్నవాళ్లు పాత కాగితాలు చూసి ఊహించింది. ఇన్ని ఇళ్లు మారి, ఇన్ని తిట్లు తిని వచ్చిన మాటని తీసుకెళ్లి మీరు సైకిలుకి తగిలిస్తున్నారు."

వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచి, "మరి మీరు నైసా టీచర్?" అంది.

"ఏ శతాబ్దంలో అడుగుతున్నావు?"

క్లాసంతా నవ్వింది. ఆ నవ్వు గుర్తొస్తే టీచరమ్మకు ఇప్పటికీ సుద్దముక్క వాసన వచ్చినట్టుంటుంది.

ఇలాంటి మనిషికి మొగుడుగా దొరికినాయన రోజుకు ఆ మాట ఎన్నిసార్లు వాడతాడో లెక్కలేదు. పిండిమర ఆయనది. తిరగలి రాళ్లలాంటి రెండు పెద్ద రాళ్లు, వాటిని తిప్పే మోటారు, పైన గింజలు పోసే గరాటు, కింద పిండి జారే గుడ్డ గొట్టం. రాళ్ల మధ్య సందు పెంచడానికీ తగ్గించడానికీ పక్కన ఒక ఇనుప చక్రం. డబ్బా పట్టుకుని ఎవరొచ్చినా ఆయన అడిగే ప్రశ్న ఒకటే: "గరుగ్గా కావాలా, నైసుగా కావాలా?" గొట్టం కింద చెయ్యి పెట్టి చిటికెడు పిండి పట్టుకుని, బొటనవేలితో రుద్ది, రవ్వ తగలకపోతే తనలో తనే "నైస్" అనుకునేవారు. ఇంటికొచ్చాక కూడా అంతే. కోడలిచేత నైసుగా పని చేయించుకునే అత్తగారు, అప్పు అడగ్గానే నైసుగా జారుకున్న స్నేహితుడు, నైసుగా తడిపిపోయిన వాన. పెళ్లయిన కొత్తల్లో ఆమె చెవులు మూసుకునేది.

"మీరు వాడే అర్థాలు ఏ నిఘంటువులోనూ లేవండీ!"

"నిఘంటువు రాసినాయన ఎప్పుడైనా పిండి పట్టించుకున్నాడా?"

"ఆ మాట లేకుండా ఒక్క పూట మాట్లాడండి, చూద్దాం."

సరేనన్నారు. ఆ పూట అన్నం ముందు కూర్చుని నోరు విప్పలేదు. కూర వడ్డిస్తే తలూపారు, మంచినీళ్లిస్తే తలూపారు. చివరికి చెయ్యి కడుక్కుంటూ, "పందెం నైసుగా గెలిచానా లేదా?" అన్నారు. ఆమె కోపం తెచ్చుకోబోయి, ఆపుకోలేక నవ్వేసి, ఆయన వీపు మీద ఒక్కటి వేసింది. చేతికంతా పిండే.

ఆమె క్లాసులో చెప్పే కథ ఒకసారి ఇంట్లో చెబితే శ్రద్ధగా విన్నారు.

"అంటే మొట్టమొదట నైస్ అంటే తెలివితక్కువవాడనా?"

"అవును."

"సరిపోయింది. మరి అంతకన్నా తెలివైనవాణ్ణి చూసుకోకపోయావా టీచరూ?"

"చూశాను. ఎవరూ దొరకలేదు."

అవి పిల్లల్లేని ఇంట్లో ఇద్దరే మనుషులు చేసుకునే చప్పుళ్లు. చప్పుడని అప్పుడు విసుక్కుంది. అదే ఇల్లు నిండుగా ఉండటమని తెలుసుకోవడానికి ఇల్లు మూగబోవాల్సి వచ్చింది.

ఆ రోజు మధ్యాహ్నం ఆయన మర దగ్గర నిలబడే కుప్పకూలిపోయారు. ఎదురుగా రొట్టెల కొట్టు పెద్దాయన పరుగెత్తుకొచ్చి మోటారు ఆపి, బడికి ఫోన్ చేయించాడు. ఆసుపత్రిలో ప్రాణానికి భయం లేదన్నారు. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. మాట పోయింది.

"మనం చెప్పేది చాలావరకు ఆయనకి అర్థమవుతుందమ్మా. ఆయన చెప్పాలనుకున్నది నోట్లోకి రావడం లేదు, అంతే," అన్నాడు డాక్టరు. "అవును, కాదు అని తలూపడం కూడా కొన్నాళ్లు తారుమారవుతుంది. దాన్ని పూర్తిగా నమ్మకండి. ఏదైనా ఒక మాట మిగిలి ఉండొచ్చు. ఒక్కోసారి అలా ఒక్కటే మిగులుతుంది."

కొద్దిరోజులకు, నర్సు గోరువెచ్చటి నీళ్లతో ఆయన చెయ్యి తుడుస్తుంటే, మిగిలిన ఆ ఒక్కటీ బయటికొచ్చింది.

"నైస్."

టీచరమ్మ కిటికీ వైపు తిరిగి నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. టీ తెచ్చిన ఆమె తమ్ముడు గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే నిలబడ్డాడు.

ఇంటికి తెచ్చాక ఆ ఒక్క మాటతోనే సంసారం నడిచింది. పొట్టిగా అంటే దాహం. సాగదీస్తే నొప్పి. వెంట వెంటనే రెండుసార్లంటే ఫ్యాను ఆపమని. చివర విరిచినట్టు అంటే వద్దని. ఏడు వందల ఏళ్లలో ఆ మాట మార్చినన్ని అర్థాలు ఆయన ఒక్క పూటలో మార్చేవారు. కొన్నిసార్లు ఆమె తప్పు పట్టుకునేది. కిటికీ తెరవమంటే మంచినీళ్లు తెచ్చేది. అప్పుడాయన గోడవైపు మొహం తిప్పుకునేవారు. ఆ వీపును చూస్తూ మంచం పక్కన కూర్చోవడం ఆమె ఎదుర్కొన్న పరీక్షలన్నిటిలోకీ కష్టమైనది.

మర మూతపడే ఉంది. వేసవి సెలవులు దగ్గరపడుతుండగా తమ్ముడు ఒకాయన్ను వెంటబెట్టుకొచ్చాడు. మందుల షాపు నడిపే మనిషి, మర్యాదస్తుడు. బూట్లు ఎక్కడ విడవాలో రెండుసార్లు అడిగి, కుర్చీ చివరన కూర్చున్నాడు. మర గది ఆయనకు కావాలి.

"అక్కా, నువ్వు బడికెళ్లాలి, బావను చూసుకోవాలి. ఆ రాళ్లు తిప్పేదెవరు? పట్టించుకోకపోతే మోటారు తుప్పు పడుతుంది," అన్నాడు తమ్ముడు. వాడన్నదాంట్లో తప్పేమీ లేదు. అదే ఆమెకు ఇబ్బంది.

మందుల షాపాయన మంచం వైపు వంగాడు. "సార్, మర గది నాకిచ్చేస్తారా? బాగా చూసుకుంటాను."

"నైస్," అన్నారు ఆయన.

"చూశారా, సారే ఒప్పుకున్నారు!"

"అది ఒప్పుకోవడం కాదండీ," అంది టీచరమ్మ.

"మరేంటమ్మా?"

"చివర విరిచారు. అలా విరిస్తే వద్దని."

మందుల షాపాయన తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు నేల చూశాడు. ఆయన్ను గుమ్మందాకా సాగనంపి వచ్చి, గొంతు తగ్గించి అన్నాడు: "అక్కా, ఇన్నేళ్లూ ఆ మాటకి అర్థమే లేదని పిల్లల్ని చావగొట్టావు. ఇప్పుడేమో నీకు కావాల్సిన అర్థం నువ్వే పెట్టుకుంటున్నావు."

"నాకు కావాల్సిందా? పిండి దుమ్ముకి నాకు తుమ్ములొస్తాయిరా!"

"మర సంగతి కాదు నేనంటున్నది. బావ ఇంకా మునుపటిలాగే ఉన్నాడనుకోవాలని నీకు. ఉంటే నాకూ సంతోషమే."

తమ్ముడు వెళ్లిపోయినా వాడి మాట అరికాల్లో ముల్లులా దిగి ఉండిపోయింది. ఆ మాటల్లో తను వింటున్నది ఆయన్నేనా? లేక రెండు పాత్రలూ తనే వేసి, తనే మాట్లాడి, తనే జవాబు చెప్పుకుంటోందా? మర అమ్మినా అమ్మకపోయినా బతకొచ్చు. ఇది తేలకుండా ఎలా బతకడం?

సెలవులివ్వగానే ఆమె మర తాళం తీసింది.

"నువ్వా?" అన్నాడు తమ్ముడు.

"సెలవులయ్యేదాకా. ఆ తర్వాత చూద్దాం."

మొదటి రోజు కుట్టుపని ఆవిడ ఎండు మిరపకాయలు తెచ్చింది. టీచరమ్మ మొహానికి తడి తువ్వాలు చుట్టుకుని, దగ్గుతూ తుమ్ముతూ ఎలాగో ఆడించి పంపేసింది. తర్వాత రొట్టెల కొట్టు పెద్దాయన గోధుమలొచ్చాయి. నేరుగా గరాటులో పోసింది. కారం ఆడిన తర్వాత రాళ్ల మధ్య ఇంకేమైనా గింజలు కాసిని వేసి, ఆ పిండి పారబోసి, రాళ్లు శుభ్రమయ్యాకే గోధుమ పొయ్యాలి. మర నడిపేవాళ్లకు అది చెప్పుల్లేకుండా లోపలికి రావడమంత మామూలు సంగతి. ఆమెకు తెలియదు.

మర్నాడు పొద్దున్నే పెద్దాయన కొట్టొదిలి మర గుమ్మంలో నిలబడ్డాడు.

"టీచరమ్మా, నా రొట్టెలు తిన్నవాళ్లంతా ఏడుస్తున్నారు."

"అయ్యో, ఏమైంది?"

"మొదట తపాలా ఆఫీసు గుమాస్తా వచ్చి కళ్లు తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఎవరో పోయారనుకుని ఓదార్చాను. తర్వాత వాళ్లావిడొచ్చి నన్ను తిట్టింది. అప్పుడు నేనూ ఒక ముక్క నోట్లో వేసుకున్నాను." ఆయన ఆగి, నాలుక బయటపెట్టి చూపించాడు. "ఇప్పటికీ మండుతోంది. వ్యాపారంలో ఇంత కారంగా నన్నెవరూ మోసం చెయ్యలేదమ్మా."

ఆమె సిగ్గుతో చచ్చిపోయింది. గోధుమలు మళ్లీ కొని ఇస్తానంది. ఆయన వద్దని చెయ్యి ఊపి, "మీ ఆయనకి చెప్పండి. కాస్త నవ్వుతాడు," అని వెళ్లిపోయాడు.

ఇంటికెళ్లి చెప్పింది. తడి తువ్వాలు దగ్గర్నుంచి పెద్దాయన నాలుక దాకా, ఒక్క ముక్క వదలకుండా. ఆయన వింటూ వింటూ ఉండగా ఎడమ బుగ్గ కదిలింది. ఆ తర్వాత మంచం కదిలింది. ఆసుపత్రి నుంచి వచ్చాక అదే మొదటి నవ్వు. వంకర నవ్వు, ఒకవైపే నవ్వు, అయినా ఆయన నవ్వే. ఆమె కూడా మంచం పట్టె పట్టుకుని నవ్వింది. ఉన్నట్టుండి ఆయన నవ్వాపేసి, ఎడమ చేత్తో దుప్పటి లాగేసి, గుమ్మం దగ్గరున్న చెప్పుల వైపు చూపించారు. మళ్లీ చూపించారు.

మర్నాడు తమ్ముడి సాయంతో చక్రాల కుర్చీలో మర దగ్గరికి తీసుకెళ్లింది. వీధి పొడుగునా ఆయన ఎవర్నీ చూడలేదు. మర గదిలోకి రాగానే గోడలనీ బెల్టునీ రాళ్లనీ ఒక్కొక్కటే చూశారు, ఊరెళ్లి వచ్చినాయన ఇంట్లో సామాన్లు సరిచూసుకుంటున్నట్టు. ఆమె కాసిని గోధుమలు వేసి రాళ్లు శుభ్రం చేసి, ఆ పిండి పారబోసి, పెద్దాయన గోధుమలు పోసింది. కుర్చీ గొట్టం పక్కకు జరిపింది. ఆయన ఎడమ చెయ్యి పెట్టి, చిటికెడు పట్టి రుద్దారు. మొహం చిట్లించారు. ఆమె చక్రం బిగించింది. మళ్లీ రుద్దారు, మళ్లీ చిట్లింపే. ఇంకా బిగించింది. రాళ్ల చప్పుడు మారింది. పిండి వేడిగా జారింది. ఆయన విసుగ్గా ముందుకు వంగి, ఆమె చేతి మీద తన ఎడమ చెయ్యి వేసి, చక్రాన్ని వెనక్కి తిప్పారు. కొంచెమే. గోరంత. రాళ్ల చప్పుడు నెమ్మదించింది. మళ్లీ చిటికెడు పట్టి రుద్దారు. ఆమె ఊపిరి బిగబట్టి ఆయన నోటివైపు చూసింది.

ఆయన ఏమీ అనలేదు. వేళ్లు గోనె సంచికి తుడుచుకుని, ఇంకో డబ్బా పెట్టమన్నట్టు గడ్డంతో చూపించారు.

మందుల షాపాయన అదే సమయానికి వచ్చాడు. ఎలాగూ తనకే వస్తుందన్న నమ్మకంతో, అరల కొలతలు ముందే తీసుకుందామని టేపు తెచ్చుకున్నాడు. "మీ పనికి అడ్డు రానమ్మా," అని, టేపు కొక్కెం తలుపు చట్రానికి తగిలించి, వెనక్కి నడుస్తూ గదికి అడ్డంగా లాగాడు. టేపు కుర్చీ ముందునుంచి పోతోంది. కుర్చీలో ఉన్నాయన ఎడమ చెయ్యి చాపి, టేపు పట్టుకుని ఒక్క గుంజు గుంజారు. కొక్కెం ఊడింది. వదిలేశారు. టేపు సర్రున పిండి లేపుకుంటూ పోయి మందుల షాపాయన చేతిలో డబ్బీలోకి దూరింది.

"పర్లేదు సార్, పర్లేదు. పొరపాటున తగిలింది," అని ఆయన మళ్లీ కొక్కెం తగిలించి లాగాడు.

ఈయన మళ్లీ గుంజి వదిలారు. సర్రున.

మందుల షాపాయన మూడోసారి తగిలించబోయి, ఆగి, తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు మాత్రం బావ వైపు చూస్తున్నాడు. ఆయన ఎడమ చెయ్యి టేపు కోసం సిద్ధంగా గాలిలో ఉంది. మొహంలో పొరపాటు అనేదేమీ లేదు. దొంగతనంగా పందెం గెలవబోయే మనిషి మొహం అది.

"ఇక టేపు చుట్టేసుకోండి సార్," అన్నాడు తమ్ముడు. మందుల షాపాయన చుట్టేసుకున్నాడు. వెళ్లేముందు కుర్చీ దగ్గరికొచ్చి, తప్పుగా అనుకోవద్దని చేతులు పట్టుకున్నాడు. మంచి మనిషే.

తమ్ముడు బస్తా మీద కూలబడ్డాడు. తర్వాత, "అక్కా, ఇది నువ్వు పెట్టుకున్న అర్థం కాదులే," అన్నాడు.

ఆమె కళ్లజోడు తీసి కళ్లొత్తుకుంది. మర ఉంటుందన్న సంతోషం కాదది. అది తర్వాతెప్పుడో వచ్చింది. ఆ మనిషి లోపలే ఉన్నారు. ఇన్నాళ్లూ తను మాట్లాడింది గోడతో కాదు. ఆమె బస్తాల వెనక్కి వెళ్లి మొహం కడుక్కుని వచ్చేసరికి తమ్ముడు గరాటులో గోధుమలు పోస్తున్నాడు, నడుం పట్టేసిందని తిట్టుకుంటూ.

"నైసుగా పొయ్యరా, కింద పడుతున్నాయి," అంది. అన్నాక తన నోటినుంచి ఏం వచ్చిందో ఆమెకే వినపడింది. తమ్ముడు కిసుక్కున నవ్వాడు. కుర్చీలో ఆయన నవ్వలేదు, వినపడనట్టు రాళ్ల వైపు చూస్తూ కూర్చున్నారు. కానీ ఎడమ చెవి ఎర్రబడింది.

సెలవులయ్యాక, మర సాయంత్రాలే తెరుస్తూ, బడికెళ్లిన మొదటి వారంలోనే ఒక పిల్ల కాంపోజిషన్‌లో 'మా నాన్నమ్మ చాలా నైస్' అని రాసింది. టీచరమ్మ ఎర్ర పెన్ను తీసింది. సున్నా చుట్టలేదు. పక్కన 'ఎప్పుడు? ఏం చేస్తే?' అని రాసి తిరిగిచ్చింది. ఆ పిల్ల రెండు పేజీలు రాసుకొచ్చింది. అందులో ఆ మాట లేదు.

ఆమె రిటైరై చాలాకాలమైంది. ఆయనకు ఇప్పుడు చాలా మాటలే వస్తాయి. అలసిపోతే మాత్రం తడబడతాయి. కర్రపట్టుకుని నాలుగడుగులు వేస్తారు. అద్దె ఇల్లు ఖాళీ చేసి, ఇద్దరూ మర వెనక గదిలోకి మారిపోయారు. పొద్దున్నే షట్టరు ఎత్తేది ఆమె, గొట్టం కింద చెయ్యి పెట్టేది ఆయన.